కాటన్ దొర కొటేషన్

ముందే చెప్పేస్తున్నా. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు రాయడం ఇదే ఫస్ట్ టైమ్. తప్పులుంటే ఎడిటర్ అక్క దిద్దుతానంది కాబట్టి ధైర్యం చేస్తున్నా.

ఈ నెల థీమ్ ఒక గొప్పవాడి జీవితం అనగానే మా క్లాసులో సగం మంది కలాం గారు, మిగతా సగం విశ్వేశ్వరయ్య గారు తీసేసుకున్నారు. నేను సర్ ఆర్థర్ కాటన్ అన్నాను. గోదావరి జిల్లా ఫ్రెండ్స్ నవ్వారు, ఆయన మావాడు, నెల్లూరోడికి నీకేం పని అని. పని ఉంది. ఈ వేసవి సెలవుల్లో మా నాన్నకీ నాకూ మధ్య జరిగిన ఒక గొడవలోకి ఆయన వచ్చాడు.

మాది కృష్ణపట్నం పక్కన ఒక చిన్న ఊరు. నాన్న చిన్న సివిల్ కాంట్రాక్టర్. సిమెంట్ రోడ్లు, సైడు కాలవలు, కల్వర్టులు, అంతవరకే. గత రెండేళ్ళలో వేసిన టెండర్లలో ఎక్కువ భాగం పోయాయి. నేను సీఎస్ఈ కదా, ఊరుకుంటానా? పాత టెండర్ల వివరాలన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశాను. తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ప్రభుత్వం ఒక పనికి ఎస్టిమేట్ వేస్తుంది. దానికంటే ఎంత శాతం తక్కువకి చేస్తామో కాంట్రాక్టర్లు రాస్తారు. దాన్ని మా దగ్గర లెస్ వేయడం అంటారు. అర్హత ఉన్నవాళ్ళలో అందరికంటే తక్కువ రాసినవాడు ఎల్-1. పని వాడిది. నా ప్రోగ్రామ్ తేల్చిందేంటంటే, నాన్న 6 శాతం, 8 శాతం లెస్ వేస్తున్నాడు, గెలిచేవాళ్ళు 20 పైన వేస్తున్నారు. 24 శాతం వేసుంటే దాదాపు అన్నీ మనవే.

లాప్‌టాప్ తీసుకెళ్ళి గొప్పగా చూపించాను. నాన్న స్క్రీన్ వంక కాసేపు చూశాడు. ఎస్టిమేట్‌లో కాంట్రాక్టర్ లాభం, ఓవర్‌హెడ్స్ అన్నీ కలిపి వేసేదే 14 శాతం లోపు కదా, 24 తగ్గిస్తే మిగతా పది ఎక్కణ్ణుంచి తీయమంటావు అబ్బయ్యా అని అడిగాడు. కమ్మీలోంచా, సిమెంట్‌లోంచా, కూలోళ్ళ డబ్బుల్లోంచా? నా ఎక్సెల్‌లో ఆ కాలమ్ లేదు. నాకు కోపం వచ్చింది. నీతి కబుర్లతో ఫీజు కట్టలేం అనేశాను. అనకూడదు. అనేశాను.

నాన్న తిట్టలేదు. కాటన్ దొర కూడా కొటేషన్ వేసినోడే, ఆయన ఎట్టా వేశాడో చదువు పో అన్నాడు. అలా మొదలైంది.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండ్‌లో పుట్టాడు. పదకొండు మంది అన్నదమ్ముల్లో పదోవాడు. ఈస్టిండియా కంపెనీ తన సైన్యం కోసం నడిపే ఆడిస్కోంబ్ స్కూల్లో 15 ఏళ్ళకే చేరాడు. 1819లో మద్రాస్ ఇంజినీర్స్‌లో ఉద్యోగం, 1821లో మద్రాసు. అంటే నా వయసుకి ఆయన మన దేశంలో డ్యూటీలో ఉన్నాడు. నేను ఇంకా మెస్‌లో సాంబారు గురించి కంప్లెయింట్ రాస్తున్నా.

మొదట చీఫ్ ఇంజినీర్ ఆఫీసులో పని, తర్వాత దక్షిణాది చెరువుల శాఖ, పాంబన్ దగ్గర సముద్రపు దారి సర్వే, 1824 నుంచి 1826 దాకా బర్మా యుద్ధం. ఆ తర్వాత కావేరి. ఆయన అసలు చదువు అక్కడే జరిగిందని నాకనిపిస్తుంది. కావేరి నీళ్ళు ఏటేటా ఎక్కువగా కొల్లిడం పాయలోకి జారిపోతున్నాయి, తంజావూరు పొలాలు ఎండిపోతున్నాయి. యూరప్ పుస్తకాల ప్రకారం నదికి అడ్డంగా ఏదైనా కట్టాలంటే రాయి తగిలేదాకా తవ్వి పునాది వేయాలి. ఇక్కడేమో ఎంత తవ్వినా ఇసకే. కానీ అదే కావేరి మీద చోళులు కట్టిన కల్లణై వందల ఏళ్ళుగా ఇసక మీదే నిలబడి ఉంది. కాటన్ దాన్ని చూసి నేర్చుకున్నాడు. పెద్ద పెద్ద రాళ్ళు ఇసకలో పడేస్తే కొంత కిందికి దిగి, ఒకచోట సర్దుకుని, ఇక కదలవు. దాని మీద కట్టొచ్చు. 1836లో కొల్లిడం మీద ఎగువ, దిగువ ఆనకట్టలు లేచాయి. తర్వాత కొన్ని సవరణలు చేయాల్సి వచ్చినా తంజావూరు బతికింది.

ఇక్కడ ఒక పాయింట్ గమనించండి. ఆయన పద్ధతి చవక. కానీ అది నాసిరకం చవక కాదు. అవసరం లేని ఖర్చు ఏదో తెలిసినందువల్ల వచ్చిన చవక. మా నాన్న అడిగిన ప్రశ్నకి ఇదొక జవాబు. పది శాతం ఎక్కణ్ణుంచి తీయాలి? పని తెలిస్తే డిజైన్‌లోంచి తీయొచ్చు, కమ్మీలోంచి తీయకూడదు.

తర్వాత గోదావరి. 1832-33లో నందన కరువు. ఆ తర్వాత కూడా వరసగా కరువులు, తుపానులు. 1821లో సుమారు 7.38 లక్షలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841కి 5.61 లక్షలకి పడిపోయింది. ఇరవై ఏళ్ళలో జనం పెరగాల్సింది పోయి నాలుగో వంతు తగ్గారు. పక్కనే అంత నది పారుతోంది. కంపెనీ వాళ్ళకి జనం మీద ఎంత జాలి కలిగిందో చెప్పలేను గానీ శిస్తు పడిపోయింది. హెన్రీ మాంట్‌గోమరీ అనే అధికారిని పంపించి రిపోర్టు తెప్పించుకున్నారు. ఒక ఇంజినీరు చేత సర్వే చేయించమని ఆయన రాశాడు. ఆ పని కాటన్‌కి వచ్చింది.

అప్పట్లో మన టెండర్ల లాంటివి లేవు. ఆనకట్ట పనిని డిపార్ట్‌మెంటే చేయించేది. కానీ నాకు ఆ కథ టెండర్ లాగే కనిపించింది. బిడ్ వేసింది కాటన్. బాక్స్ తెరిచేది మద్రాసు ప్రభుత్వం, ఆ పైన లండన్‌లోని డైరెక్టర్లు. పోటీకి ఇంకో రెండు బిడ్లు ఎప్పుడూ ఉంటాయి. ఒకటి, ఏమీ చేయకపోవడం. దాని ధర సున్నా. అంతకంటే ఎల్-1 లేడు. రెండు, ఏటా కాలవలకి చిన్న చిన్న రిపేర్లు చేయడం. అదీ చవకే. కాటన్ బిడ్ అన్నిటికంటే ఖరీదైనది. అయినా ఆయన 1844, 1845లలో రిపోర్టులు రాసి ఒప్పించాడు. ఎలా? ధర పక్కన ఇంకో కాలమ్ పెట్టాడు. కట్టకపోతే ఏటా ఎంత శిస్తు పోతోంది, ఎంత పంట పోతోంది, కడితే ఎంత వస్తుంది అన్న లెక్క. ఆ కాలమ్ పెట్టగానే సున్నా ధర ఉన్న బిడ్డే అన్నిటికంటే ఖరీదైపోయింది. 1846 చివర్లో లండన్ ఓకే అంది.

1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలైంది. అక్కడే ఎందుకంటే నది బాగా వెడల్పు, మధ్యలో లంకలు, పక్కనే రాయికి కొండ. నాలుగు ముక్కలుగా కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. కట్టడం వరకే పొడవు 2 మైళ్ళ పైన, ఎత్తు 12 అడుగులు. కొండ నుంచి రాయి తేవడానికి పట్టాలు వేశారు, పడవలు కట్టారు. వేలమంది కూలీలు. వాళ్ళని కూడగట్టడంలో వీణం వీరన్న గారు కాటన్‌కి కుడిభుజంగా నిలబడ్డారు. అడిగినంతమంది ఇంజినీర్లని పైవాళ్ళు ఇవ్వలేదు. 1848లో కాటన్ జబ్బుపడి సెలవు మీద వెళ్తే కెప్టెన్ ఆర్ ఆ సీజన్ పని నడిపించాడు. వరదలొచ్చి కట్టింది కొంత కొట్టుకుపోయింది, మళ్ళీ కట్టారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. ఆ వెంటనే కోనసీమకి నీళ్ళు తీసుకెళ్ళే గన్నవరం అక్విడక్టుని 49 ఆర్చీలతో హేగ్ అనే కుర్ర లెఫ్టినెంట్ ఒక్క సీజన్‌లో లేపాడు.

కానీ నిజం ఒప్పుకోవాలి. ఎస్టిమేట్ దాటింది. కాటన్ మళ్ళీ మళ్ళీ డబ్బులు అడిగాడు, పైవాళ్ళు మళ్ళీ మళ్ళీ సంజాయిషీ అడిగారు. ఈ రోజుల్లో అయితే పేపర్లో పెద్ద హెడ్డింగ్. అయినా ఫలితం చూడండి. జిల్లా హద్దులు కొంత మారిన మాట నిజమే గానీ, 1891 లెక్కలకి గోదావరి జిల్లా జనాభా 20 లక్షలు దాటింది. ఆ ఆనకట్ట నూట ఇరవై ఏళ్ళకి పైగా పనిచేసింది. తర్వాత దగ్గర్లోనే కట్టిన బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. గోదావరి రేవుల్లో తమ పెద్దలతో పాటు ఆయనకీ తర్పణం వదిలేవాళ్ళున్నారు. ఒక ప్రభుత్వ ఇంజినీరుకి ఇంతకంటే కంప్లీషన్ సర్టిఫికెట్ ఏం కావాలి?

ఇక్కడితో ఆపేస్తే ఇది మామూలు కాటన్ వ్యాసం. నేను కూడా ఇక్కడే ఆపేసి నాన్నకి ఫోన్ చేశాను, నువ్వు చెప్పిందే కరెక్ట్, క్వాలిటీ ఉంటే ధర చూడక్కర్లేదు అని. నాన్న నవ్వి, కేసీ కెనాల్ సంగతి చదివావా అన్నాడు. చదవలేదు.

1850లలో కాటన్ పేరు మార్మోగిపోతోంది. కృష్ణ మీద బెజవాడ ఆనకట్టని ఆర్ కట్టాడు. మా నెల్లూరులో పెన్నా మీదా ఆనకట్ట వచ్చింది. ఇప్పుడు కాటన్ కల ఇంకా పెద్దది. తుంగభద్ర నీళ్ళని కర్నూలు, కడప మీదుగా పెన్నాకి కలిపి, మా నెల్లూరు కోస్తా దాకా తేవాలి. పొలాలకి నీళ్ళు, పడవలకి దారి. దీనికోసం 1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ప్రైవేటు కంపెనీ పెట్టారు. పెట్టుబడి 10 లక్షల పౌండ్లు. దాని మీద 5 శాతం వడ్డీకి ప్రభుత్వం గ్యారంటీ.

గ్యారంటీ అన్నచోట ఆగండి. కాలవ బాగా పనిచేసినా వడ్డీ వస్తుంది, పనిచేయకపోయినా వస్తుంది. ఖర్చు తగ్గించినా అదే వడ్డీ, పెంచినా అదే వడ్డీ. ఇక ఎవడు లెక్క చూస్తాడు? 10 లక్షల పౌండ్లు అయిపోయాయి, పని మిగిలింది. ప్రభుత్వం ఇంకో 6 లక్షల పౌండ్లు అప్పిచ్చింది. సుంకేసుల నుంచి కడప దాకా కాలవ వచ్చింది గానీ, నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతులు డబ్బు కట్టి నీళ్ళు తీసుకోవడానికి అంతగా ముందుకు రాలేదు. గోదావరి డెల్టాలో పనిచేసిన లెక్క ఇక్కడ పనిచేయలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే కాలవని కొనేసింది. నెల్లూరు కోస్తా దాకా ఆ నీళ్ళు రాలేదు. కేసీ కెనాల్ ఇవాళ కర్నూలు, నంద్యాల, కడప వైపు ఎన్నో పొలాలకి ఆధారం. కానీ కంపెనీ మాత్రం దివాలా తీసినట్టే లెక్క.

కాటన్ 1860లో రిటైరై ఇంగ్లండ్ వెళ్ళాడు, మరుసటి ఏడాది సర్ బిరుదు వచ్చింది. ఆ తర్వాత నలభై ఏళ్ళు ఒకటే పోరు. మన దేశానికి రైళ్ళకంటే కాలవలు ముఖ్యం, మైలుకి అయ్యే ఖర్చు చూడండి, మోసే బరువు చూడండి అని. ప్రభుత్వం రైళ్ళ వైపే వెళ్ళింది. 1876-78 ధాత కరువులో లక్షల మంది చనిపోయాక, 1878లో పార్లమెంటు కమిటీ ఆయన్ని పిలిచి ప్రశ్నించింది. కర్నూలు కాలవ నష్టాన్ని ఎదురుగా పెట్టి అడిగితే ఆ ముసలాయనకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. తమాషా ఏంటంటే, ఆ కరువులోనే కూలీలకి పని కల్పించడానికి బకింగ్‌హామ్ కాలవని పూర్తి చేశారు. కోస్తా వెంట పడవల దారి అన్న ఆయన ఆలోచనకి దగ్గరి చుట్టం అది. అది మా కృష్ణపట్నం పక్కనుంచే పోతుంది. చిన్నప్పుడు దాని గట్టు మీద సైకిల్ నేర్చుకున్నా, చరిత్ర అని తెలీదు. కాటన్ డార్కింగ్ అనే ఊళ్ళో తోటలో గోధుమలు పండించే ప్రయోగాలు చేసుకుంటూ 96 ఏళ్ళు బతికి, 1899 జూలై 24న కన్నుమూశాడు.

ఇప్పుడు మా ఊరికి వద్దాం. 2007లో కృష్ణపట్నం దగ్గర సుమారు 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా పవర్ ప్రాజెక్టుకి బిడ్లు పిలిచారు. ఎవరు యూనిట్ కరెంటు తక్కువకి ఇస్తే వాళ్ళదే ప్రాజెక్టు. 25 ఏళ్ళకి సగటున యూనిట్ 2 రూపాయల 33 పైసలు అన్న కంపెనీ గెలిచింది. దేశమంతా చప్పట్లు. బొగ్గు ఇండోనేషియా నుంచి రావాలి. 2010లో ఆ దేశం ఎగుమతి బొగ్గు ధరని అంతర్జాతీయ మార్కెట్‌తో ముడిపెట్టింది. 2 రూపాయల 33 పైసల లెక్క తలకిందులైంది. 2011లో పని ఆగింది. పెరిగిన ధర ఎవరు మోయాలన్న గొడవ కోర్టులదాకా వెళ్ళింది. ఎల్-1 కరెంటు ఒక్క యూనిట్ కూడా రాలేదు. దగ్గర్లోనే నేలటూరులో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ కట్టిన థర్మల్ ప్లాంటు మాత్రం కరెంటు ఇస్తోంది. ఇప్పుడు చెప్పండి, చవక బిడ్ ఏది?

అలాగని క్వాలిటీకి మార్కులు వేసి ఇచ్చేయండి అంటే సరిపోతుందా? నేను కూర్చుని ఒక లెక్క చేశాను. ఏ అనే కంపెనీ ధర 100, క్వాలిటీకి 60 మార్కులు. బి ధర 110, క్వాలిటీకి 90 మార్కులు. పద్ధతి ప్రకారం తక్కువ ధర ఉన్నవాడికి ధరలో 100 మార్కులు, రెండోవాడికి 100ని 110తో భాగించి 90.9. ధరకి 70, క్వాలిటీకి 30 వెయిటేజ్ ఇస్తే ఏకి 88, బికి 90.6. బి గెలిచాడు. అదే ధరకి 80, క్వాలిటీకి 20 ఇస్తే ఏకి 92, బికి 90.7. ఏ గెలిచాడు. కంపెనీలు మారలేదు, ధరలు మారలేదు. వెయిటేజ్ మారింది, విజేత మారాడు. అంటే వెయిటేజ్ ఎవరు రాస్తే విజేతని వాళ్ళు రాసినట్టే. అందుకే అది బిడ్లు తెరవకముందే అందరికీ చెప్పాలి, మార్కులు దేనికి వేస్తారో కొలవగలిగేలా ఉండాలి. 2021 అక్టోబర్‌లో కేంద్ర ఆర్థిక శాఖ కొన్ని రకాల పనులకి ఈ పద్ధతిని అనుమతిస్తూ, ధర కాని అంశాలకి 30 శాతం మించకూడదని ఎందుకు గీత గీసిందో నాకు అప్పుడర్థమైంది. గీత లేకపోతే క్వాలిటీ పేరుతో ఇష్టమైనవాడికి ఇచ్చేయొచ్చు.

కాటన్ జీవితంలో ఈ రెండూ ఉన్నాయి. గోదావరి దగ్గర ధర ఒక్కటే చూసుంటే ఆనకట్ట లేదు. కర్నూలు దగ్గర ధర చూసే అవసరమే లేకుండా చేసినందుకు కంపెనీ మునిగింది. ఆయన గొప్పవాడు అనడానికి నాకేం ఇబ్బంది లేదు. కానీ గొప్ప ఇంజినీరు చెప్పాడు కదా అని లెక్క అడగడం మానేయకూడదు అనేది కూడా ఆయన నుంచే నేర్చుకున్నాను.

లాస్ట్‌గా మా ఇంటి సంగతి. నా ఎక్సెల్‌లో ఇప్పుడు కొత్త కాలమ్‌లు ఉన్నాయి. కమ్మీ ఎన్ని కిలోలు, సిమెంట్ ఎన్ని బస్తాలు, కూలి ఎంత, మూడేళ్ళలో రిపేరుకి ఎంత. వాటిని నింపడానికి నాన్నతో రెండు రాత్రులు కూర్చున్నాను. సెంట్రింగ్ పనిలో రెండు చోట్ల నిజంగానే ఖర్చు తగ్గించొచ్చని తేలింది, కమ్మీ ముట్టుకోకుండానే. మొన్న ఒక కల్వర్టుకి 11 శాతం లెస్ వేశాం. రాలేదు. ఇంకెవరో 23 వేశారు. నాన్న ఏమీ అనలేదు, తర్వాతి నోటిఫికేషన్ తేదీ చూడమన్నాడు.

ఫీజు గురించి అన్నమాటకి నేనింకా సారీ చెప్పలేదు. నాన్న తెలుగు మాత్రమే చదువుతాడు. అందుకే ఇది తెలుగులో రాశాను. లింక్ పంపిస్తాను.